మేస్త్రి అన్న మాట

అక్కయ్యకు నమస్కారాలతో తమ్ముడు రాసేది. ఇక్కడ నేనూ నీ మరదలూ బాగానే ఉన్నాం. బాగానే అంటే, వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. నువ్వూ బావా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. భుజం ఎలా ఉందని అడిగావు. చెయ్యి పైకెత్తితే పట్టేస్తోంది, అంతే. నీ మరదలు రోజూ కాపడం పెడుతోంది. "నీళ్ళలో పడ్డది తమ్ముడు, ఇంట్లో మూలిగేది అక్క" అని బావ అన్నాడని రాశావు. చదివి నీ మరదలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రావడం లేదు. ఎవరు మాట్లాడినా గోడ అవతలి నుంచి మాట్లాడినట్టే ఉంటోంది.

మళ్ళీ బోటు ఎప్పుడు ఎక్కుతావని కూడా అడిగావు. ఇక ఎక్కను. లైసెన్సు తీసేసుకున్నారు. నేనే వెళ్ళి జరిగింది రాసిచ్చాను, అందుకని. నలభై ఇద్దరిని కాపాడిన డ్రైవరని పేపర్లో వచ్చింది చూసి వీధిలో అందరికీ చెప్పుకున్నావట. అది నిజం కాదక్కా. నీకు రాయడానికి చెయ్యి ఆడక ఇన్నాళ్ళు ఆగాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. సరస్సు మధ్యలోని దీవిని చుట్టి రావడం గంట పని. దీవి దగ్గరపడుతుండగా రేవు ఆఫీసు నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. పెద్ద గాలి వస్తోంది, బోట్లన్నీ వెనక్కి తిప్పమని. పడమర నల్లగా ఉంది కానీ మా నెత్తిన ఎండ కాస్తోంది. దీవి చుట్టి వెళ్ళినా పావుగంటే కదా తేడా అనుకున్నాను. పదిహేనేళ్ళుగా నడుపుతున్నాను, నాకు తెలియని గాలా అనుకున్నాను.

ఇంజను మేస్త్రి నీకు గుర్తుండే ఉంటాడు. పోయినేడు నాతో వచ్చి మీ నీళ్ళ మోటారు బాగుచేసిన పొడుగాటి మనిషి. వాడు నా దగ్గరకొచ్చి, "అన్నా, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగిద్దాం" అన్నాడు.

"ఎందుకురా, హడలిపోతారు. అందరూ లేచి ఒక పక్కకు ఉరికారంటే అదే మనల్ని ముంచుతుంది. పెట్టెలో ఉండనీ" అన్నాను.

వాడు నా మాట వినకుండా వెళ్ళి పెట్టె తెరిచాడు. ఎవరినీ లేవనివ్వకుండా, కూర్చున్నవాళ్ళకు కూర్చున్నచోటే తొడిగించాడు. బెల్టులు తనే బిగించాడు. ఒక మాట అని వాళ్ళను నవ్విస్తున్నాడు. చివరికి వచ్చి నా మెడలోనూ ఒకటి వేశాడు. నేను విసుక్కున్నాను.

గాలి ఒక్క ఊపున వచ్చింది. ఎండ తగలకుండా పక్కలకు కట్టిన పరదాలు ఉబ్బి బోటును ఒరగదోశాయి. వాటి తాళ్ళు కోయడానికి మేస్త్రి పరిగెత్తాడు. తన జాకెట్టు తొడుక్కునే తీరిక వాడికి లేకపోయింది. సగం తాళ్ళు కోశాడో లేదో, బోటు తిరగబడింది. ప్రయాణికులంతా తేలారు. సహాయం బోటు వచ్చేదాకా తేలుతూనే ఉన్నారు. మేస్త్రి మర్నాడు దొరికాడు.

విచారణ అధికారి ఆస్పత్రికి వచ్చి, "జాకెట్లు వేసుకోమన్నది మీరేనా?" అని అడిగాడు. తల ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు. అదే పేపరుకెక్కింది.

రెండు వారాల తర్వాత మేస్త్రి ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ కుర్చీ వేసింది. "ఈయనెప్పుడూ ఇంతే అన్నయ్యా, ఎవరి మాటా వినడు. మీరు చెప్పినప్పుడే తనూ తొడుక్కుని ఉంటే ఇవాళ ఉండేవాడు" అంది. పోయిన మనిషి మీద ఆమెకు కోపంగా ఉందక్కా.

అప్పుడు చెప్పేశాను. నవ్విస్తూ తొడిగించింది వాడని, వద్దన్నది నేనని, వెనక్కి రమ్మన్నా రాలేదని. ఆమె నన్ను తిట్టలేదు. "తొడిగేటప్పుడు వాళ్ళతో ఏమన్నాడు?" అని అడిగింది.

"'మీ పెళ్ళిలో కూడా ఇంత మెరిసే బట్టలు వేసుకుని ఉండరు, ఫోటోలో వెలిగిపోతారు' అన్నాడమ్మా."

ఆమె లోపలికి వెళ్ళి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఈవిడకు చెవుడు. మొదట్నుంచీ చెప్పండి, గట్టిగా" అంది.

చెప్పాను. ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరు వద్దన్నారూ?" అంది.

"నేనే వద్దన్నాను" అని అరిచాను. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆపకుండా చివరిదాకా చెప్పాను. పెళ్ళిబట్టల మాట రెండుసార్లు చెప్పించుకుంది.

"ఆఁ, మావాడే. వాడలాగే మాట్లాడతాడు" అంది కోడలితో.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడే
నీ తమ్ముడు