అరవ సినిమాలో మన ఎల్లేశం చూపు

బాపూ, ఇక్కడ అరవదేశంలో కాలువ పని బాగానే నడుస్తోంది, నా గురించి ఫికర్ చేయకు.

నిన్న మన ఊరివాళ్లమంతా డేరా టాకీసులో అరవ సినిమా చూశాం. ఏం నటించాడు బాపూ ఆ హీరో! మెత్తగా పాఠాలు చెప్పే పంతులు, ఉరుము వినగానే ఇంకొకడైపోతాడు. అచ్చం మన తమ్ముడు ఎల్లేశానికి శిగమొచ్చి, తల్లి మీదికొచ్చినప్పటి చూపే! భాష రాకున్నా నాకు చెమటలు పట్టాయి. గుర్వమ్మ చిన్నమ్మయితే అది సినిమా అన్న సంగతే మరిచి లేచి, కొంగులోని పసుపు తెరమీద చల్లి, "ఎవరు తల్లీ నువ్వు? ఏం గావాలె, జర చెప్పు!" అని అరిచింది. డేరా అంతా గొల్లున నవ్వింది. తర్వాత తెరమీద డాక్టరు వచ్చి, అతని చెయ్యి పట్టుకుని మెల్లగా ఏదో అడిగాడు. ఆ హీరో పసివాడిలా ఏడుస్తూ అంతా చెప్పేశాడు! అప్పుడెవరూ నవ్వలేదు.

నల్లగొర్రె ఈనిందా? అవ్వ మోకాళ్లకు నూనె, ఊరికొస్తున్న యాదయ్యతో పంపుతున్నాను. తమ్ముణ్ణి వేపమండలతో కొట్టే మంత్రగాణ్ణి ఇక గడప తొక్కనివ్వకు. నేను వచ్చి తమ్ముణ్ణి పట్నం దవాఖానకు తీసుకుపోతాను. అందాకా వాడు వణికినప్పుడల్లా పక్కన కూర్చుని, "ఏమైంది బిడ్డా?" అని నువ్వే అడుగు. ఇన్నేళ్లూ వాడిమీదికొచ్చిన తల్లిని అడిగాం గానీ, వాణ్ణి ఎన్నడూ అడగలేదు.

నీ దీవెన కోరే
పర్వతాలు