నంబర్లు వేసిన సబ్బులు

జూన్ 3, బుధవారం

సబ్బుల కంపెనీ సర్వే అమ్మాయి వచ్చింది. రేపర్ లేని మూడు సబ్బులు చేతిలో పెట్టింది. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు. వారం వాడి ఏది నచ్చిందో చెప్పాలట. ఊరికే ఇస్తున్నాం బామ్మగారూ, పుచ్చుకోండి అంది. ఊరికే ఇచ్చేవంటేనే నాకు భయం. ఒంటి మీద దద్దుర్లు లేస్తే?

జూన్ 5

దద్దుర్లు లేవలేదు. ఇంకా లేవచ్చు.

జూన్ 10, పొద్దున పదకొండు

అమ్మాయి మళ్లీ వచ్చింది. ఒకటా రెండా అంది. ఒకటి అన్నాను. రెండా మూడా అంది. రెండు. మరి మూడా ఒకటా అంటే, మూడు అన్నాను. ఫోన్ మీద వేలు అలాగే ఆపేసింది. అదెలా కుదురుతుంది బామ్మగారూ, రెండుకన్నా ఒకటి, మూడుకన్నా రెండు మేలైతే, మూడుకన్నా ఒకటో సబ్బే మేలు కావాలి కదా అంది. మళ్లీ అడిగింది. మళ్లీ అవే చెప్పాను. నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మా అక్కకు మతి తప్పడం ఇలాగే మొదలైంది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఎదురుగా పెట్టుకుని ఏది కావాలో తేల్చుకోలేకపోయింది. ఆరు నెలలకు నన్నే ఎవరమ్మా నువ్వు అంది.

జూన్ 11

కోడలికి చెప్పలేదు. చెబితే స్టవ్ దగ్గరికి రానివ్వదు. అక్కను ముందు వంటింట్లోంచే తప్పించారు. వంట కూడా చేయకపోతే ఈ ఇంట్లో నేనెందుకు?

జూన్ 12

ఎక్కాలు చెప్పుకుని చూశాను. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడైనా వచ్చేదో లేదో గుర్తులేదు. అదింకో దిగులు.

జూన్ 14, ఆదివారం

కోడలు కర్టెన్ల కోసం మూడు గుడ్డముక్కలు తెచ్చింది. ఏది బాగుందత్తయ్యా అంది. ఎదురు నేనే అడిగాను. నీలమా, ఆకుపచ్చా? నీలం, కంటికి చల్లగా ఉంటుంది అంది. ఆకుపచ్చా, గోధుమరంగా? ఆకుపచ్చే, గోధుమరంగు దిగులుగా ఉంటుందంది. మరి గోధుమరంగా, నీలమా? గోధుమరంగే అత్తయ్యా, నీలం వెలిసిపోతుంది కదా అంది.

దీనికి ముప్పై నాలుగేళ్లు. బ్యాంకులో ఆఫీసరు. మతికేం లోటు లేదు.

అప్పుడు తట్టింది. ఒకటో సబ్బు వాసన రెండోదానికి లేదు. రెండోది మూడోదానిలా కళ్లు మండించదు. మూడోది ఒకటోదానిలా ఇట్టే కరిగిపోదు. ప్రతిసారీ నాకో కారణం ఉంది. ఆ పిల్ల ఏది అని అడిగిందే గానీ ఎందుకని అడగలేదు.

కోడలికి అంతా చెప్పేశాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అందుకా ఉప్పు నాకి చూసి మరీ వేస్తున్నారు, నాతో ఒక్క మాట అనకూడదా అని కసిరింది. తరవాత పక్కన కూర్చుంది. ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నాను.

జూన్ 17

పాలు పొంగిపోయాయి. కోడలు తుడవడానికి గుడ్డ అందించి, సాయంత్రం ఏం వండుతున్నారత్తయ్యా అంది. ఇంకా తేల్చుకోలేదన్నాను.