ముప్పై రెండు కంప్యూటర్లు, ఒకే నంబరు

అబ్బాయికి,

ఆశీస్సులు తర్వాత, ముందు విషయం. బడిలోని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇంటికి తెచ్చుకున్నందుకు, నీ మేనకోడలు సోమవారం అందరి ముందు క్షమాపణ చదవాలన్నావట. చదవకపోతే కంప్యూటర్ క్లాసుకు రానివ్వనన్నావట. తప్పు తప్పే. ఆ సాఫ్ట్‌వేర్‌ను నా ఎదుటే తీసేయించాను.

అంతటితో ఊరుకునే పిల్లా అది? "అమ్మమ్మా, మా బళ్లో కంప్యూటర్లన్నిట్లోనూ దానికి ఒకే లైసెన్సు నంబరుంది. మామయ్య కొన్నది ఒక్క కంప్యూటర్‌కేగా!" అంది. ఏదీ రాసుకోకుండా నమ్మొద్దని నేర్పింది నేనే కనుక, ముప్పై రెండు కంప్యూటర్ల నంబర్లూ నోటుబుక్కులో ఎక్కించుకుని మరీ వచ్చింది. రెండుసార్లు సరిచూశాను. ఒక్క అంకె తేడా లేదు.

నిన్న ఫోన్లో అడిగితే, "బళ్లన్నీ ఇంతేనమ్మా, నీకు తెలీదులే" అన్నావు. హెడ్మాస్టరువి, "అందరూ అంతే సార్" అని ఒక పిల్ల అంటే వదిలేస్తావా?

పిల్ల సోమవారం చదువుతుంది. తన క్షమాపణకు ఇంకో ప్రతి రాయించి, పేరుండే చోటు ఖాళీగా వదిలి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తన తర్వాత నువ్వు చదువు. ఈ ఒక్క కాపీకి నా అనుమతి ఉంది.

ఆశీస్సులు అది చదివాక.

అమ్మ