తెల్లటి దూది

దాదాంగ్ అన్నయ్యా,

సిగరెట్లు మానడానికి నేనిచ్చిన ఆవిరి సిగరెట్టు, ఆ వేప్‌ని మళ్ళీ తిప్పి పంపావు. "మాడు వాసన కొడుతోంది చెల్లీ, నువ్వు చుట్టిన తీగలోనే ఏదో లోపముంది" అన్నావు. నిజమేననుకుని నెలలో మూడుసార్లు ఆ వేడెక్కే తీగ విప్పి కొత్తది చుట్టాను, ద్రవం పీల్చుకునే దూది మార్చాను. నా దగ్గర వేప్ తీగలు చుట్టించుకునే బాండుంగ్ కుర్రకారంతా మెచ్చుకునే నా చేతిని నేనే తిట్టుకున్నాను.

ఇవాళ దూదిని పరీక్షగా చూశాను. రోజూ పీల్చేవాళ్ళ దూది వారానికే నల్లబడుతుంది. నీది నేను పెట్టిన నాటిలాగే తెల్లగా ఉంది. నువ్వసలు దీన్ని నోట పెట్టనే లేదు! ఆ లవంగం సిగరెట్లే కాలుస్తున్నావు కదూ? ఊపిరితిత్తుల డాక్టరు ఏం చెప్పాడో మరిచావా? "మా ఆయన మానేశాడు" అని వదిన వీధంతా చెప్పుకుని మురిసిపోతోందే, సిగ్గు లేదూ నీకు?

ఈసారి దూది మార్చలేదు. మూత తీసి, అలాగే వదిన పేరున పంపుతున్నాను. ఎందుకంత తెల్లగా ఉందో ఆవిడకి నువ్వే చెప్పుకో.

నీ చెల్లి