"ఓడిపోకు" అనబోయి

ఏప్రిల్ 4, ఉదయం
కొత్త డైరీ. కొత్త పెన్సిలు. ఇవాళ బేస్‌బాల్ సీజన్ మొదలు. మా ఊరి టీము అకాషి ఆక్టోపస్. పోయినేడు ఆఖరి స్థానం. అంతకు ముందేడూ అదే. ఈ ఏడు కాదు!

నిర్ణయం: మా మైదానంలో జరిగే ప్రతి ఆటకీ వెళ్లాలి. ఆటకి ఒక్కసారైనా అరవాలి. మాట మొత్తం అరవాలి, చివరి అక్షరంతో సహా.

చివరి అక్షరం నాకు గొంతులోనే ఉండిపోతుంది. బళ్లో మాస్టారు, "సకిచీ, మిగతాది తినేశావా?" అనేవారు. తర్వాత నలభై ఏళ్లు తాతామీ చాపలు కుట్టాను. చాపలు మనల్ని ఏమీ అడగవు. జబ్బు ముదిరింది.

అరవాల్సిన మాట: "ఓడిపోకు!" స్నానాలగదిలో మూడుసార్లు అని చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది!

ఏప్రిల్ 4, సాయంత్రం
9-1. ఓడాం. అరవలేదు. మొదటిరోజు గొంతు వేడెక్కాలి కదా.

నా సీటు 41. పక్కన 42 తొమోయె గారిది. పదేళ్లుగా అంతే. ఆవిడ బజారు మలుపులో ఆక్టోపస్ ముక్క పెట్టిన పిండి ఉండలు కాల్చి అమ్ముతారు. ఆట ఉన్నరోజు మాత్రం ఆక్టోపస్ వేయరు. "మన పిల్లల్ని మనమే కోసుకు తింటామా?" అంటారు. ఉత్త ఉల్లికాడలే. చప్పగా ఉంటాయి. పన్నెండు తిన్నాను.

ఏప్రిల్ 19
ఇక్కడ ఆరు ఆటలు. ఆరూ పోయాయి. ఇవాళ గాల్లోకి లేచిన బంతి కోసం ముగ్గురు పరిగెత్తారు. నువ్వు పట్టు అంటే నువ్వు పట్టు అనుకున్నారు. బంతి మధ్యలో పడింది.

డప్పు కొట్టే మంగలి గొందో ఊరుకోలేదు. "ఎనిమిదేసి చేతులు పెట్టుకుని ఒక్క బంతి పట్టలేరేంట్రా!"

"మిగతా ఏడూ జేబుల్లో ఉన్నాయి లెండి," అన్నారు తొమోయె గారు.

నేను నవ్వాను. పైకే నవ్వాను. దాన్ని సగం అరుపు కింద లెక్కేసుకున్నాను.

మే 6
వరుసగా పదకొండు. అరవలేదు. కారణాలు:
తుమ్ము వచ్చింది.
ముందు బెంచీలో పసిబిడ్డ నిద్రపోతోంది.
14-0 అయ్యాక అరవడానికి ఏం మిగిలింది?

ఆట అయ్యాక తొమోయె గారు బెంచీ మీద రుమాలు మడుస్తూ అన్నారు: "చాపలాయనా, ఈసారీ ఆఖరి స్థానమే అయితే ఈ సీటు వదిలేస్తానండీ. మా చెల్లెలు ఒసాకా టీము మనిషి. వచ్చి పక్కన కూర్చోమంటోంది. గెలుపు ఎలా ఉంటుందో పోయేలోగా చూడొద్దూ?"

అలా చేయకండి అందామనుకున్నాను.

"అలా..."

"అలాగే అంటారా? సరే అయితే."

ఇంటికి వచ్చి స్నానాలగదిలో "చేయకండి" అని ఇరవైసార్లు అన్నాను. ఒక్క అక్షరం పోలేదు. అక్కడ ఎవరున్నారు వినడానికి!

జూన్ 14
!!!

ఆఖరి ఇన్నింగ్సు. మనకి 2, వాళ్లకి 1. మూడు బేసుల మీదా వాళ్ల మనుషులే. ఒక్క అవుటు చాలు. బంతి విసరాల్సిన కుర్రాడు నరసాకి టోపీ తీసి పెట్టుకుంటున్నాడు, తీసి పెట్టుకుంటున్నాడు. డప్పు కూడా ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఓడిపో!"

చివరి అక్షరం లోపలికి పోయింది.

మైదానం మొత్తం నా వైపు తిరిగింది. నరసాకి కూడా తిరిగాడు. బెంచీ కింద దూరుదామనుకున్నాను, మోకాలు వంగలేదు. అతను పకపకా నవ్వాడు. నవ్వుతూనే విసిరాడు. ఆ బంతి ఎటు తిరిగిందో దేవుడికి తెలియాలి, బ్యాటు గాలినే కొట్టింది. గెలిచాం!

గొందో వచ్చి కావలించుకున్నాడు, మధ్యలో డప్పు. "ఏం మంత్రం తాతా అది! రేపట్నుంచి అందరం అదే!"

తొమోయె గారు మెల్లిగా అడిగారు: "మీరు అనబోయింది అది కాదు కదూ?"

తల ఊపాను. ఆవిడ ఒక్కరికే తెలిసింది.

జూన్ 15
మూడువేలమంది ఒక్క గొంతుతో "ఓడిపో!" అన్నారు. మావాళ్లు చెప్పిన మాట విన్నారు. 8-0.

జూన్ 28
ఇంకా వింటూనే ఉన్నారు. ఆటగాళ్లు నొచ్చుకుంటున్నారు, దయచేసి మానండి అని టీము వాళ్లు గేటు దగ్గర కాగితం అంటించారు.

"మేమంటే పనిచేయట్లేదు తాతా. నువ్వే అనాలి," అని గొందో నన్ను బెంచీ ఎక్కించి చేతిలో మైకు పెట్టాడు. నేను దగ్గి దిగిపోయాను. ఆ దగ్గే మైదానమంతా వినిపించింది. 6-2.

జూలై 11
వాన. ఆట లేదు. ఓడలేదు! మంచిరోజు.

ఆగస్టు 20
వెళ్లలేదు. మోకాలు నొప్పి. నిజానికి నొప్పి లేదు. నిర్ణయం రద్దు. నేను చాపల మనిషిని, అరుపులు నాకెందుకు? రేడియోలోంచి బ్యాటరీలు తీసేశాను, ఐదింటికి.

ఐదుంబావుకి మళ్లీ పెట్టాను. 7-0.

సెప్టెంబరు 30
ఆఖరి ఆట. ఆఖరి స్థానం పోయినవారమే ఖాయమైంది. నేను 42 చూసొద్దామని వెళ్లాను.

తొమోయె గారు ఉన్నారు. ఉండల పొట్లం విప్పారు. ఆక్టోపస్ ముక్కలు, ఉండకి రెండేసి! "చాలు వీళ్లకి చేసిన గౌరవం. తినండి," అన్నారు. ఎంత రుచో!

ఒళ్లో ఇంకో కాగితం. వచ్చే ఏడు సీటు ఉంచుకునేవాళ్లు ఇవాళే సంతకం పెట్టాలట.

"ఏమంటారు చాపలాయనా? మానెయ్యనా?"

"మానెయ్య..."

ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "మానెయ్య... మానెయ్యమనా, వద్దనా? మిగతాది కూడా బయటికి తెండి. పదేళ్లుగా చూస్తున్నాను."

సరిగ్గా అప్పుడే గొందో డప్పు ఆపి చెమట తుడుచుకుంటున్నాడు.

"కండి!"

ఒట్టి చివర మాత్రమే వచ్చింది. కానీ ఎంత గట్టిగా! బళ్లో మింగినవన్నీ కలిపి వచ్చినట్టుంది. మైదానంలో ఆటగాళ్లు ఆగిపోయారు.

"ఏమన్నాడు తాత?"

"కండి అన్నాడురా!"

"అంటే?"

"ఏదైతేనేం, కొట్టు డప్పు!"

కండి! కండి! కండి! బెంచీలన్నీ లేచి గంతులు వేశాయి. మావాళ్లు అరగంటలో నాలుగు పరుగులు తీశారు. 5-4. అయినా ఓడాం. ఆ గోలకి అర్థం ఒక్కరికే తెలుసు. ఆవిడ గొందో డప్పు మీద కాగితం పెట్టి సంతకం చేశారు.

"ఇకమీద చివరి అక్షరం ముందనండి. మొదటిది నేను ఊహించుకుంటాను," అన్నారు.

ఏప్రిల్ 3
కొత్త డైరీ. పెన్సిలు పాతదే. సీట్లు 41, 42.

నిర్ణయం: ప్రతి ఆటకీ వెళ్లాలి. ప్రతి ఆటలో అరవాలి. మొదలూ చివరా కలిపి, ఒకేసారి. ఈ ఏడు ఆఖరి స్థానం కాదు!

సాయంత్రం: 10-2. అరవలేదు. కారణం: నోట్లో వేడి ఉండ ఉంది. మళ్లీ ఉల్లికాడలే.

"ఇవాళ అరవలేదేం?" అన్నారు తొమోయె గారు.

"రేప..."

"...టి నుంచి," అన్నారావిడ, ఇంకో ఉండ అందిస్తూ.