నాలుగంగుళాల వదులు

బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఫోన్ చేస్తే మీ అక్క ఎత్తుతుందని భయమేసి, నీ పెంపుడు చేపల కొట్టుకే ఉత్తరం రాస్తున్నాను. అలిగి మీ ఇంటికి వస్తూ ఏమందో తెలుసా? "నెలాఖరుకి వస్తాను. అప్పటికి నా దొరసాని బతికుంటే సరే, లేదంటే మీకూ నాకూ చెల్లు!" దొరసాని అంటే తను నాలుగేళ్ళుగా పెంచుకుంటున్న ఏంజెల్ చేప.

నిన్న అద్దాల తొట్టిలో హీటర్ కాస్తా పోయింది. నీళ్ళు మంచు! దొరసాని ఓ మూల బిగుసుకుపోయి నన్నే చూస్తోంది, అచ్చం మీ అక్కలాగే. తొట్టి పొడవు ఇరవై ఎనిమిది అంగుళాలు, వెడల్పు పదహారు, ఎత్తు పదహారు. పాతికేళ్ళుగా దర్జీని, నా టేపు అబద్ధం చెప్పదు. ఎన్ని వాట్లది కావాలో చూసి వెంటనే పంపు.

వణుకుతూ,
నీ బావ

తా.క.: ఎందుకలిగిందో నీకేమైనా చెప్పిందా? కొత్త చలికోటు కుట్టిచ్చిన రోజే వెళ్ళిపోయింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

*

బావగారికి నమస్కారాలు.

మీ కొలతకి నూట పదిహేడు లీటర్లు పడతాయి. లీటరుకి ఒక వాటు లెక్క, గది చల్లగా ఉంటే ఇంకాస్త. నూట యాభై వాట్లది పంపుతున్నాను. డయల్ ఇరవై ఆరు డిగ్రీల దగ్గర పెట్టండి. తొట్టి పక్క కిటికీ మూయండి. గుడ్డముక్కలు దులిపి అలాగే తెరిచి వదిలేస్తారుగా.

మీ బావమరిది

తా.క.: కోటు సంగతి నాకు తెలీదు. అందులో అక్కా, మా ఆవిడా ఇద్దరూ పట్టారు.

*

ఒరేయ్ బావమరిదీ!

కొంప మునిగింది! నీ హీటర్ నిలబెడితే తల నీళ్ళలోంచి బయటికొచ్చింది. డయల్ మీద ఇరవై ఆరు చూసి నవ్వుకున్నాను. నా ఇస్త్రీ పెట్టె డయల్ చివరికంటా తిప్పితే గానీ వేడెక్కదు. దీన్నీ అలాగే తిప్పాను. సాయంత్రానికి తొట్టి నిండా స్నానం నీళ్ళు! దొరసాని పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి మింగుతోంది. ప్లగ్గు పీకేశాను. నువ్వు పంపింది చేపలకా, ఏనుగులకా?

కాళ్ళూ చేతులూ ఆడని
నీ బావ

తా.క.: కిటికీ సంగతి నీకెలా తెలుసు? నువ్వు మా గడప తొక్కి ఆరేళ్ళయింది.

*

బావగారికి,

నీళ్ళు వాటంతటవే చల్లారనివ్వండి. పుణ్యముంటుంది, ఐసుముక్కలు మాత్రం వెయ్యకండి. చల్లారాక హీటర్ని అడుగున పడుకోబెట్టి, ఇరవై ఆరు దగ్గరే పెట్టండి. ఒక్కటి నిజం చెప్పండి: తొట్టి కొలతకి ఎంత వదులు కలిపారు?

మీ బావమరిది

తా.క.: "వదులేంటి?" అని అమాయకంగా అడగొద్దు.

*

బావమరిదికి,

దొరికిపోయాను. నాలుగంగుళాలు. ఎవరికి కుట్టినా కాస్త వదులు కలపడం నా అలవాటు. చేప కూడా పెరుగుతుందిగా అనుకున్నాను! అసలు కొలత ఇరవై నాలుగు, పన్నెండు, పన్నెండు.

మీ అక్క కోటుకీ అంతే కలిపాను. "ముందుముందు లావెక్కుతావుగా, ఉండనీ" అని ప్రేమగానే చెప్పాను. ఆ మాటకే తలుపు ధడేలుమంది... ఓరి భగవంతుడా! రాస్తుంటే ఇప్పుడు వెలిగింది. పెళ్ళినాడు ఏ కొలతో ఇప్పుడూ అదే కొలత. టేపు ఆ మాటే చెప్పింది, నేనే వినలేదు. దొరసాని ఇవాళ రెండు మెతుకులు తింది. నాకే సయించడం లేదు. ఇల్లు బావుండలేదురా.

నీ తెలివితక్కువ బావ

తా.క.: ఈ ఉత్తరం మీ అక్క కంట పడనివ్వకు.

*

ఏమండీ,

పడింది. మొదటి ఉత్తరం నుంచీ అన్నీ నా కంటే పడ్డాయి. రాసింది తమ్ముడే, చెప్పి రాయించింది నేను. మన కిటికీ సంగతి వాడికేం తెలుసు?

అసలు కొలతకి యాభై ఏడు లీటర్లు, డెబ్బై ఐదు వాట్లది చాలు. గురువారం నేనే తెస్తున్నాను. నెలాఖరు దాకా ఆగలేను. బస్సు దగ్గరికి రండి. కోటు వేసుకునే వస్తాను, మీ చేత్తోనే విప్పి బిగించాలి. అంగుళం వదులు కూడా ఉండటానికి వీల్లేదు.

లావెక్కని మీ ఆవిడ

తా.క.: ఒక్క రెండంగుళాలు ఉండనివ్వండి. మా మరదలు వంట బాగా చేస్తోంది.