తాళాల గుత్తి చప్పుడు

అక్కా,

కెమెరా బ్యాటరీ చార్జింగులో ఉంది, నిండగానే తీసెయ్. స్పీకరు మాత్రం ముట్టుకోకు. అమ్మ ఇంట్లో ఉండగా అసలు ముట్టుకోకు.

మా కాలేజీ థ్రిల్లర్ సినిమా మొదటి సీను కోసం, నాన్న గుమ్మం దగ్గర తాళాల గుత్తి గలగలలాడించే చప్పుడు రికార్డు చేశాను కదా. "ఇందులో భయమేముందిరా, నీ మొహం" అన్నావు. ఎలా వచ్చిందో విందామని ఇందాక గట్టిగా పెట్టాను. హాల్లో అమ్మ టీవీ చూస్తూ పడీపడీ నవ్వుతోంది. ఆ చప్పుడు వినగానే టీవీ కట్టేసింది. సోఫా మీద గుడ్డ లాగి సర్దింది. జుట్టు సరిచేసుకుని గోడ పక్కన నిలబడింది. నాన్న ఊళ్ళో లేరని తనకీ తెలుసు.

"స్పీకరమ్మా" అన్నాను.

"తెలుసులేరా" అంది, కానీ కూర్చోలేదు.

ఈ సినిమా కథంతా నేనే అల్లాననుకున్నాను.

సీను మార్చేశాను. తండ్రి పాత్ర తెర మీదికి రాడు, చప్పుడొక్కటే వస్తుంది. తల్లి వేషం నువ్వే వెయ్యాలి. నేర్పక్కర్లేదనుకుంటా.

ఇంకో మాట. చప్పుడు ఆపబోతుంటే తెలిసింది, నేనూ లేచి నిలబడే ఉన్నాను. రేపటి నుంచి మనం తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి రావద్దు. బెల్లు కొడదాం.